మాస్టర్ బిగించిన పంపు

దశరథం మాస్టర్‌కు చుక్క కారడం గిట్టదు. ఇంట్లో నల్లా కారుతోందంటే అన్నం సగంలో వదిలి లేచే మనిషి. జీవితమంతా పరాయి రాష్ట్రంలో, పాండేసర మిల్లుల్లో సాంచాల మధ్య గడిచింది. సాంచాలంటే మరమగ్గాలు, అవి చెడితే బాగుచేసేవాడు మాస్టర్. వాటిమీద నుంచి ఒక్క నూనె బొట్టు నేస్తున్న తాను మీద పడితే అది దాగు, అంటే మరక, పడ్డ బట్ట అవుతుంది. మిల్లు యజమాని శేఠ్, నేసే కారీగర్ కూలీలో కోత పెడతాడు, కారీగర్ వచ్చి మాస్టర్ మీద పడతాడు. అందుకని ఎక్కడ తడి కనిపించినా ముందు ఆయన కన్ను పోతుంది, వెనకే చెయ్యి పోతుంది, చేతిలో పానా ఉంటే అదీ పోతుంది. దీన్ని గుణమనుకున్నా సరే, జబ్బనుకున్నా సరే. ఆ దగ్గరే ఉన్ అనే పేటలో వాళ్ళుండే సొసైటీలో, అంటే కాలనీలో, మాత్రం అందరూ గుణమనే అనుకున్నారు.

లాక్‌డౌన్ వచ్చి మిల్లులు మూతపడ్డాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. సొసైటీలో సగానికి పైగా తెలంగాణ నుంచి వచ్చిన సాంచాల వాళ్ళే. రోడ్డు మలుపులో పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడితే, మగవాళ్ళంతా గదుల్లో గోడలకు ఆనుకుని కూర్చున్నారు. దశరథానికి కూర్చోవడం రాదు. ఆయన భార్య కనకవ్వ పక్కింటి ఆడవాళ్ళతో మొరపెట్టుకుంది.

"స్టవ్వు ఇప్పి మళ్ళ బిగిచ్చిండు. ఫ్యాను ఇప్పి మళ్ళ బిగిచ్చిండు. ఇంట్ల ఇగ ఇప్పనిది నేనొక్కదాన్నే మిగిలిన."

అలాంటి సమయంలో సొసైటీ ప్రెసిడెంటు రాజనర్సు ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఒక మాట అడిగాడు. సొసైటీ నీళ్ళన్నీ ఒక సంపులోకి వస్తాయి. అక్కడి నుంచి పంపు వాటిని పైన ట్యాంకుకు ఎక్కిస్తే గల్లీ గల్లీకి నల్లాల్లో వస్తాయి. ఆ పంపు నడిపే పరమేశ్వర్, తన తమ్ముడి పెళ్ళికని జగిత్యాల దిక్కు పోయి అక్కడే ఇరుక్కున్నాడు. అప్పటి నుంచి అతని భార్య వినోదే మోటారు వేస్తోంది, ఆపుతోంది. వాళ్ళుండేది పంపు గదికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో. పనితో పాటు సొసైటీ ఇచ్చిన గది అది. పని పోతే గదీ పోతుంది.

"రోజుకొక్కసారి పోయి సూడు మాస్టర్. ఆడిపిల్లాయె, ఏం జేస్తదో ఏమో" అన్నాడు రాజనర్సు.

దశరథం అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చేశాడు.

పంపు నడుస్తోంది. వినోద గోడవారగా నిలబడి, కొంగు ముక్కు మీదికి లాక్కుని, మోటారు చప్పుడు వింటోంది. మోటారు నుంచి వచ్చే ఇనుప షాఫ్టు పంపులోకి దూరే చోట సందులోంచి నీళ్ళు తన్నకుండా గ్రీజు పట్టించిన నూలు డోరీని చుట్లు చుట్లుగా కూరి ఉంటారు. ఆ డోరీ బయటికి రాకుండా గ్లాండు అనే ఇనుప మూత, ఆ మూతను నొక్కి పట్టడానికి రెండు నట్లు. ఆ మూత కింది నుంచి చుక్క వెనుక చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. కింద వినోద ఒక నూనె డబ్బా పెట్టింది.

"ఏంది బిడ్డా, గిట్ల కారుతాంది?"

"అది కారాల్నట కాకా. జర చుక్క పడనియ్యి, నట్లు ముట్టకు అన్నడు మా ఆయన."

"మీ ఆయనకు బద్ధకం. కారుడు మంచిదని ఎవడన్న అంటడా?"

పరమేశ్వర్ ముట్టకు అని చెప్పాడు గానీ ఎందుకో చెప్పలేదు. మాస్టర్ సంచీలోంచి పానా తీసి అటు కొంచెం ఇటు కొంచెం బిగించాడు. చుక్క సన్నబడింది, ఆగింది. ఆయన జేబులోంచి గుడ్డపీలిక తీసి గ్లాండును, షాఫ్టును, కింద అరుగును శుభ్రంగా తుడిచాడు. డబ్బాలో ఉన్న నీళ్ళు బయట పారబోసి దాన్ని ఒక మూల బోర్లించాడు.

"ఇగ సూడు. గిట్లుండాలె మిషనంటె."

"అయితే మంచిది కాకా" అంది వినోద.

మర్నాడు పొద్దున వచ్చేసరికి మళ్ళీ చుక్క, కింద మళ్ళీ డబ్బా. ఆయన మళ్ళీ బిగించాడు. ఆ మర్నాడూ అంతే. ఇక దశరథానికి రోషం వచ్చింది. పంపు మీద ఆయన చేసిన పని నిలవకపోవడమా! కూర్చుని ఆలోచించాడు. సాంచె అదురుకు నట్లు వదులైపోవడం ఆయనకు కొత్త కాదు. మోటారు కూడా అదురుతుంది కదా, అందుకే వదులవుతున్నాయని తేల్చుకున్నాడు. ఆ వదులు చేస్తున్నది అదురు కాదేమోనన్న అనుమానం మాత్రం రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మన మాస్టర్.

అదురుకు సాంచాల వాళ్ళ దగ్గర ఒకటే మందు ఉంది, నట్టు మీద నట్టు. ఇంటి నుంచి రెండు నట్లు వెతికి తెచ్చాడు. మొదటివాటిని మరో చుట్టు లాగి, వాటిమీద రెండోవి ఎక్కించి, పొడుగు పానా పెట్టి, కాలు గోడకు తన్నిపెట్టి ఒళ్ళంతా వేసి బిగించాడు. చెమట పట్టింది. సాంచె చూసిన వేళ్ళతో గ్లాండును తడిమి చూసి, పొడిగా ఉందని తృప్తిపడ్డాడు.

"కాకా, ఆ పానా ఈడ పెట్టిపోతరా?" అంది వినోద.

"ఎందుకు బిడ్డా? ఇగ దీంతోని పని పడది."

పానా సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం రాజనర్సు తొంగి చూసి, పంపు గది కళ్ళాపి చల్లి ఎండబెట్టిన వాకిలిలా ఉందని మెచ్చుకున్నాడట. ఆ మాట గల్లీలు తిరిగి దశరథం చెవిన పడింది. చాలా రోజుల తర్వాత ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు.

మర్నాడు కూడా చుక్క లేదు. ఆ తెల్లారి పొద్దున, బిందెలు సగం నిండాయో లేదో, నల్లాలు ఒక్కసారి దగ్గి ఆగిపోయాయి. ఎవరో "కాలిన వాసన" అని అరిచారు. దశరథం పరుగెత్తాడు. పంపు గది నిండా పొగ కమ్ముకుంది. వినోద అప్పటికే మోటారు ఆపేసింది. గ్లాండు దగ్గర ఇనుము ముట్టుకోనివ్వనంత వేడిగా ఉంది. అది చల్లారేదాకా ఆగి, పానాతో నట్లు కాస్త వదులు చేసి మళ్ళీ మోటారు వేయించాడు. అంతే, గ్లాండు సందులోంచి నీళ్ళు ఎగజిమ్మి ఎదురు గోడకు కొట్టాయి. ఆయన చొక్కా, లుంగీ తడిసి ముద్దయ్యాయి. వినోద మళ్ళీ ఆపింది.

బయట ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో గుమిగూడారు. దూరం దూరం నిలబడమని గీసిన ముగ్గు గీతలను ఎవరూ పట్టించుకోలేదు. ఎవరికి ఫోన్ చేసినా ముందు చేతులు కడుక్కోమని చెప్పే కాలం అది. కడుక్కోవడానికి నీళ్ళేవని ఒకామె నిలదీసింది. మాస్కు గడ్డం కిందికి జారుతుంటే రాజనర్సు వచ్చాడు.

"ఏం జేసినవమ్మా పంపును?"

వినోద ఒక్కసారి దశరథం వైపు చూసింది. తర్వాత తడి నేలను చూస్తూ, "ఏం జెయ్యలే" అంది.

"ఏం జెయ్యకపోతె కాల్తదా? ఏంది మాస్టర్, నువ్వేమంటవ్?"

దశరథం లుంగీ అంచు పిండుకుంటూ, "సంపుల నీళ్ళున్నయో లేవో సూస్కోకుంట ఉత్తగనే నడిపిందేమో" అన్నాడు. ఆయనకు ఆ అమ్మాయి మీద కోపం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు, అనుకున్నది అన్నాడు. కానీ యంత్రాల విషయంలో ఆ సొసైటీలో ఆయన మాటకు తిరుగు లేదు. బిందెలు పట్టుకున్న వాళ్ళంతా ఒకేసారి వినోద వైపు తిరిగారు.

అక్కడికక్కడే నిర్ణయమైపోయింది. ఇక పంపు మాస్టర్ చూసుకోవాలి. గది ఖాళీ చేయించే సంగతి సాయంత్రం కమిటీ కూర్చుని ఖాయం చేస్తుంది. పరమేశ్వర్ వచ్చాక సామాను ఎక్కడ పెట్టుకుంటాడో అతని ఇష్టం. అప్పటిదాకా వినోద ఎవరింట్లోనైనా సర్దుకోవాలి. కరోనా రోజుల్లో ఎవరు ఎవరిని ఇంట్లో పెట్టుకుంటారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంట్లో కనకవ్వ మొహం చాలా రోజుల తర్వాత వెలిగింది. "పోనీ తియ్యి, సాంచాలు తెరిచేదాక మన పొయ్యి మండుతది" అంది. వెంటనే ఆ సంతోషానికి సిగ్గుపడి, "ఆ పిల్లకు మాత్రం పాపమే" అని కలిపింది. దశరథం పొడి లుంగీ కట్టుకుని మళ్ళీ పంపు దగ్గరికి బయలుదేరాడు.

అక్కడ వినోద ఫోన్ స్పీకరు పెట్టి కిటికీలో నిలబెట్టింది. అటువైపు పరమేశ్వర్ ఉన్నాడు. సామాను పెట్టెలో అతను దాచిన కొత్త డోరీ చుట్ట ఆమె ఒళ్ళో ఉంది.

"మాస్టర్, గ్లాండు ఎనుకకు గుంజి, కొక్కెంతోని పాత డోరీ తియ్యిండ్రి" అన్నాడు పరమేశ్వర్.

దశరథం తీశాడు. మెత్తగా, జిడ్డుగా రావాల్సిన డోరీ పెనం మీద మరిచిపోయిన రొట్టెలా నల్లబడి, గట్టిపడి, కొక్కెం తగిలితే పొడి పొడిగా రాలింది. అరచేతిలో పెట్టుకుని చూశాడు. సంపులో నీళ్ళు లేక ఉత్తగా నడిస్తే పంపు మొత్తం వేడెక్కాలి. పొద్దున మిగతా అంతా చల్లగానే ఉంది. కాలింది ఈ ఒక్క చోటే.

"ఇదొక్కటే ఎట్ల కాలిందయ్యా?" అన్నాడు.

"దాని గుండ జర నీళ్ళు పోతేనె అది సల్లగుంటది మాస్టర్. సాంచెకు మీరు నూనె పోస్తరు సూడుండ్రి, పంపుకు ఆ చుక్కనే నూనె. అవునూ, ఎవరు బిగిచ్చిండ్రు దాన్ని?"

"అది తర్వాత మాట్లాడుదం. డోరీ ఎంత కొయ్యాలెనో చెప్పు ముందుగాల" అంది వినోద, ఫోన్ వైపు వంగి.

దశరథం విప్పిన నట్టొకటి చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. తను ఇంటి నుంచి తెచ్చిన నట్టే. కానీ దాని మూలలు అరిగి గుండ్రబడ్డాయి, పొద్దున కంగారులో గమనించలేదు. కొత్త ఇనుము తెల్లగా బయటపడి, పళ్ళతో కొరికినట్టు గాట్లున్నాయి. పానా పెడితే అలాంటి గాట్లు పడవు. పట్కారుతో బలవంతంగా తిప్పబోతే, పట్టు దొరక్క మళ్ళీ మళ్ళీ జారితే పడతాయి. మిగతా మూడూ చూశాడు. పైన బిగించిన రెండోదీ అలాగే ఉంది. అప్పుడు వినోద కుడి అరచెయ్యి చూశాడు. దానికి పాత చీర పీలిక చుట్టి ఉంది. పొద్దున కూడా చూశాడు గానీ వంటింట్లో కాలిందనుకున్నాడు.

"నట్లు రోజూ వదులైంది అదురుకు కాదా బిడ్డా?"

"కాదు కాకా. మీరటు పోంగనే నేనే వదులు జేస్తుంటి. ఇంట్ల ఉన్న చిన్న పానాతోని అయితుండె. నట్టు మీద నట్టు పెట్టినంక రాలే."

"నాకు చెప్పద్దా మరి?"

"మొదటినాడే చెప్పిన గద."

దశరథం నట్టును అరుగు మీద పెట్టాడు.

"మొన్న పొద్దుగూకంగ మీ ఇంటికి గూడ వచ్చిన, మీ పానా కోసం. మీరు తింటున్నరట. చిన్నమ్మ ఏమన్న పనుండెనా బిడ్డా అన్నది. ఏం లేదన్న."

"అడిగితె నేనిస్తుంటి గదా!"

"ఏమని అడగాలె కాకా? మీరు చేసిన పని తప్పు, దాన్ని ఇప్పాలె, పానా ఇయ్యిండ్రి అనాల్నా? మీరు ఇనేటోళ్ళా?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది. పొద్దున అంతమందిలో ఆమె తన వైపు చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. తను అప్పుడు లుంగీ పిండుకుంటూ అన్న మాట కూడా గుర్తొచ్చింది. సాంచె మీద ఏ కారీగర్ తప్పు చేసినా, ముందు మిషన్ చూసి తర్వాతే మనిషిని అనాలని ఎందరికో నేర్పిన మనిషి ఆయన. ఈ పిల్ల విషయంలో మిషన్ చూడకుండానే అనేశాడు.

ఆ తర్వాత ఇద్దరూ పని చేశారు. షాఫ్టు మీద కాలిన గీతలు పడ్డాయి. దశరథం గరుకు ఎమరీ కాగితం చుట్టి, అటూ ఇటూ ఒకే ఒత్తిడితో లాగుతూ, గోరు పెట్టి చూస్తూ నున్నగా చేశాడు. ఆ పనిలో ఆయన్ను మించినవాడు లేడు. వినోద షాఫ్టు అంత లావున్న కర్రకు డోరీ చుట్టి, పరమేశ్వర్ చెప్పినట్టు ఏటవాలుగా కోసింది. ఒక్కో చుట్టు లోపలికి తోసేటప్పుడు, ముందుదాని అతుకు కిందుంటే దీని అతుకు పైకి వచ్చేలా తిప్పి పెట్టింది. గ్లాండు ఎక్కించి, నట్లను పానాతో కాకుండా ఉత్త వేళ్ళతో తిప్పింది. రెండు వైపులా సమంగా ఉందో లేదో కళ్ళు చికిలించి చూసి మోటారు వేసింది.

ముందు ధారగా కారింది. వినోద అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ దాన్ని చుక్కల్లోకి దించి చెయ్యి తీసేసింది. పైన ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు మొదలైంది. దశరథం చుక్కను చూస్తూ నిలబడ్డాడు. కారాలని తెలుసు. ఎందుకు కారాలో కూడా ఇప్పుడు తెలుసు. అయినా ఆయన చెయ్యి ముందుకు పోయింది. పోతున్నట్టు ఆయనకే తెలియలేదు. వినోద పీలిక చుట్టిన అరచెయ్యి అడ్డం పెట్టేసరికి ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం సొసైటీ ఆఫీసు వరండాలో కమిటీ కూర్చుంది. మెట్ల కింద ఆడవాళ్ళు, వాళ్ళలో కనకవ్వ, ఓ చివర వినోద. రాజనర్సు నోరు తెరవకముందే దశరథం లేచాడు.

"పంపు కాలబెట్టింది నేను. ఆ పిల్ల కాదు."

రాజనర్సు నవ్వాడు. "నీ మనసు మాకు తెల్వదా మాస్టర్? ఆడిపిల్ల మీద మాట రావద్దని నీ మీదేసుకుంటున్నవ్."

"మీదేసుకునుడు కాదు. నట్టు మీద నట్టు పెట్టి బిగిచ్చిన. ఇగో, డోరీ బొగ్గయింది సూడు."

"కాలింది, నువ్వు బాగు జేసినవ్. నీళ్ళొస్తున్నయ్ గద."

"బాగు జేసింది ఆమె."

"నువ్వు పక్కకుండి చేపిచ్చినవ్. గంతే గద!"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒక పెద్దాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. దశరథానికి దిక్కు తోచలేదు. చెప్పిన కొద్దీ ఆయన మంచితనం పెరిగిపోతోంది, ఆమె తప్పు అక్కడే ఉండిపోతోంది. ఇన్నేళ్ళు ఒక్కో పనిలో కూడబెట్టుకున్న మంచి పేరు ఇలా అడ్డం పడుతుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. మొదటిసారి ఆ పేరు మీద ఆయనకు కోపమొచ్చింది.

"సరే, పని నాకే ఇయ్యిండ్రి" అన్నాడు కూర్చుంటూ. "రేపు పొద్దుగాల పోత. చుక్క కనబడతది. బిగిస్త. బిగియ్యద్దని తెలిసి గూడ బిగిస్త. నా చెయ్యి నా మాట ఇనది నర్సన్నా. ఇయ్యాల్టికి ఇయ్యాల చెయ్యి పోతె ఆ పిల్ల అడ్డం పెట్టింది. నాల్గొద్దులల్ల మళ్ళ కాలబెడ్త. అప్పుడు డోరీకి ఏ దుకాణం తెరిచి ఉన్నదో మీరే ఎతుకుండ్రి."

ఈసారి నవ్వబోయిన రాజనర్సు సగంలో ఆగిపోయాడు. అయినా నమ్మినట్టు లేదు. కింద నుంచి కనకవ్వ గొంతు లేచింది.

"నిజమే చెప్తున్నడు. మా ఇంట్ల ఒక్క డబ్బా మూత నాతోని రాదు, గట్ల బిగిస్తడు. ఇంకోటి చెప్పాల్నా? మొన్న పొద్దుగూకంగ ఆ పిల్ల మా గడపల నిలబడి పోయింది. ఏం కావాల్నో నేను గట్టిగ అడగకపోతి. చేతికి గుడ్డ గూడ సూసిన. ఇగ పని ఎవరికిస్తరో మీ ఇష్టం. ఈయనకు మాత్రం ఇయ్యకుండ్రి."

ఆ పని తమకు ఎంత కావాలో కనకవ్వకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. మాట అయిపోగానే ఎవరి మొహమూ చూడకుండా ఆమె ఇంటిదారి పట్టింది. రాజనర్సు మాస్కు పైకి లాక్కుని, గొంతు సవరించుకుని, "పరమేశ్వర్ వచ్చేదాక వినోదే నడుపుతది" అన్నాడు. గది మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కాళ్ళు అలవాటు కొద్దీ దశరథాన్ని పంపు గదికే తీసుకుపోయాయి. తలుపు వారగా తెరిచి వినోద తల బయట పెట్టింది.

"కాకా, పానా?"

"తేలే బిడ్డా." రెండు చేతులూ తెరిచి చూపించాడు.

ఆమె ఆ చేతులను చూసింది, ఆయన మొహాన్ని చూసింది. "అయినా బయటనే కూసోండ్రి" అని తలుపు వేసుకుంది.

దశరథానికి చురుక్కుమంది. ఆ సొసైటీలో ఆయన మొహం మీద తలుపు వేసినవాళ్ళు ఇంతవరకు లేరు. వెంటనే, సరిగ్గా చేసిందని కూడా అనిపించింది. గోడ నీడలో మెట్టు మీద కూర్చున్నాడు. లోపల మోటారు మొదలైంది. బిందె చంకన పెట్టుకుని ఒకామె వచ్చి ఎప్పటిలాగే ఆయన ముందు నిలబడింది.

"మాస్టర్, మా గల్లీకి నీళ్ళు ఎప్పుడిడుస్తరు?"

"నన్నడుగుతవేందమ్మా? లోపల ఆపరేటర్ ఉన్నది, ఆమెను అడుగు."

ఆమె ఆయన వైపోసారి, మూసిన తలుపు వైపోసారి చూసింది. తర్వాత బిందె కింద పెట్టి, వెళ్ళి తలుపు తట్టింది.